మేస్త్రి వంతు కాఫీ

తోట మేస్త్రి పోయాడని పోయిన మంగళవారం పొద్దున్నే అతని పెద్దకూతురు ఫోన్ చేసి చెప్పింది. "పెద్దనాయినా, నాయిన పోయిండు. నిన్న పగటీలి బువ్వ తిని పండుకున్నడు, ఇగ లేవలే" అంది.

నాకు ఎనభై దాటాయి. ఈ వయసులో ఇలాంటి ఫోన్లు కొత్త కాదు. అయినా నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, కోపం. "బీపీ మాత్రలు వేసుకుంటున్నాడా లేదా?" అని అడిగాను. "ఏడేసుకున్నడు పెద్దనాయినా. సగం మాత్రలు మిరపచెట్ల మొదట్ల పెట్టిండు. చెట్టుకు బలమన్నడు" అంది. అదీ మనిషి. నలభై ఏళ్ళ కిందట నన్నెట్లా విసిగించాడో, పోతూ పోతూ కూడా అట్లాగే విసిగించాడు.

మధ్యాహ్నానికి వాళ్ళ ఊళ్ళో కట్టిన ఫ్లెక్సీ ఫోటో నా ఫోన్లోకి వచ్చింది. "దుబాయ్ మేస్త్రి ఇక లేరు" అని పెద్దక్షరాలు. వెనకాల ఆకాశాన్నంటే దుబాయ్ మేడల బొమ్మ. మేస్త్రి జన్మలో దుబాయ్ ముఖం చూడలేదు. అతను పన్నెండేళ్ళు ఉన్నది కతర్‌లో. ఫ్లెక్సీ వేయించిన మేస్త్రి తమ్ముడి కొడుక్కి ఫోన్ చేసి ఆ మాటే అన్నాను. "కతర్ అంటే ఈడ ఎవలకెరుక సార్? అందరూ దుబాయ్ అనే అంటరు" అన్నాడతను ఓపిగ్గా, ముసలివాడికి చెప్పినట్టు. మర్నాడు గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళ సంఘం సంతాప సభ పెట్టిందట. "ఎడారిలో చెమటోడ్చిన శ్రామిక సోదరుడు" అన్నాడట అధ్యక్షుడు. ఎడారిలో చెమట అందరికీ పడుతుంది, ఊరికే నిలబడ్డా పడుతుంది. మేస్త్రి అక్కడ ఏం చేశాడో ఆ సభలో ఒక్కరూ చెప్పలేదు. తెలిసినవాడు ఒక్కడు, మా పాత మేనేజరు, ఆరు నెలల కిందటే ఒక పత్రికలో వ్యాసం రాసి ఆ పనంతా తన ఖాతాలో వేసుకున్నాడు. దాన్ని ఖండిస్తూ నేను రాసిన ఉత్తరం సంపాదకులు వేయలేదు. జాగా లేదన్నారు. ఆ తరువాతి సంచికలో వంకాయ కూరల మీద రెండు పేజీలున్నాయి.

కాబట్టి ఇది నేనే రాయాలి. ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. అదీ చెబుతాను.

డెబ్బైల్లో, చమురు ధర ఒక్కసారిగా పైకి లేచిన రోజుల్లో, నేను దోహాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో టైపిస్టుని. ఉమ్ ఘువైలినా అనే పేటలో రెండు గదుల ఆఫీసు, కింద సిమెంటు గోడౌను. ఊరంతా తవ్వకాలే. పొద్దున ఉన్న రోడ్డు సాయంత్రానికి ఉండేది కాదు. మేస్త్రి మెట్‌పల్లి పక్క పల్లె నుంచి వచ్చిన రైతు. పునాదులు తవ్వే గ్యాంగులో చేరి, మొక్కలు బతికించడం తెలుసని తోటపనికి మేస్త్రి అయ్యాడు. నేను కడియం నర్సరీల మధ్య పుట్టినవాణ్ణి. మొక్కల మీదా తోటల మీదా దొరికిన పుస్తకమల్లా చదివినవాణ్ణి. మొఘలు చక్రవర్తులు నీటి కాలువలు ఎట్లా వేయించారో, ఇంగ్లీషు ప్రభువులు గుట్టల్ని జరిపించి చెరువులు ఎట్లా తవ్వించారో నోటికి చెప్పగలను. అందుకని నన్ను "పంతులూ" అని పిలిచేవాడు. నేను పంతుల్ని కాదని ఏడాది పాటు చెప్పి మానుకున్నాను.

నేను ఏం చెప్పినా చివరిదాకా వినేవాడు. విని ఒకే ప్రశ్న వేసేవాడు. "మంచిగున్నది పంతులూ. మరి ఆ నీళ్ళు ఆఖరికి ఎటు పోతయ్?"

ఏ పుస్తకంలోనూ అది రాసి ఉండదు.

అప్పట్లో మా కంపెనీకి ఒక పాత ఇంటి పని వచ్చింది. మదీనత్ అల్ షమాల్ వెళ్ళే రోడ్డు మీంచి ఎడమకు తిరిగి, రాళ్ళ బాటలో అరగంట పోతే వచ్చేది. ఒక షేకు కుటుంబం తాతల నాడు కట్టించుకున్న ఇల్లు. శీతాకాలం వేటకీ, వానలు పడితే పచ్చిక చూడ్డానికీ దోహా నుంచి వచ్చి ఉండేవారట. సముద్రపు రాతితో, గచ్చుతో కట్టిన రెండంతస్తులు. గోడల్లో గాలి దూరేందుకు సన్నటి చీలికలు. ముందు తలుపు మీద నా అరచెయ్యంత పువ్వులు చెక్కి ఉండేవి. చుట్టూ ప్రహరీ, లోపల ఎండిపోయిన ఖర్జూరాలు, నాలుగు రేగుచెట్లు, పూడిపోయిన బావి. ఇంటి యజమాని బాగా పెద్దాయన. డబ్బు వచ్చింది కాబట్టి తాత ఇంటిని బాగు చేయించి, చుట్టూ తోట వేయించాలని అనుకున్నాడు. తోట గీయడానికి లండను నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించారు.

మేస్త్రి మొదటిరోజే ఆ ఇంటికి "గడి" అని పేరు పెట్టాడు. కోస్తావాణ్ణి, నాకు అర్థం కాలేదు. వాళ్ళ వైపు దొర ఉండే కోటలాంటి ఇంటిని గడి అంటారట. "మా నాయిన గడి ముంగట్నించి పోవాల్నంటే చెప్పులు చేతుల పట్టుకొని పోయేటోడు. నేను గూడ చిన్నప్పుడు పోయిన" అన్నాడు. కోపంగా కాదు, వాన పడిందన్నట్టు చెప్పాడు. ఆ అలవాటు ఒంట్లో ఎక్కడో ఉండిపోయిందేమో, పనిలో ఉన్నంతసేపూ ఆ ఇంటి ముందు మెట్ల వైపు పోయేవాడు కాదు. చుట్టూ తిరిగి పంపుషెడ్డు దగ్గరి చిన్న తలుపులోంచే వచ్చేవాడు. నేను చెక్కిన తలుపు చూడమని పిలిస్తే, "దూరంకెళ్ళే కనవడుతున్నది" అనేవాడు.

నిపుణుడి తోట గొప్పగా ఉండేది, కాయితం మీద. ఇంటి ముందు మెట్ల నుంచి ఖర్జూరాల దాకా ఒకే వాలుగా జారే పచ్చిక. మధ్యలో గులాబీలు. పైనుంచి చిమ్మే నీళ్ళ గొట్టాలు. ఆ పటం చూసి నేను మురిసిపోయాను. ఇట్లాంటి పచ్చిక గురించి చదవడమే గాని చూడలేదు. మేస్త్రి ఆ మట్టి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. ఏ కొత్త చోటికి వెళ్ళినా ముందు చేసే పని అది. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఊసి, పూడిక తీయించిన బావిలోంచి తోడిన నీళ్ళు కూడా నోట్లో పోసుకుని ఊసి, "నీళ్ళల్ల ఉప్పు, మట్టిల ఉప్పు. గిట్ల పైపైన చల్లితే ఎండకు నీళ్ళు పోతయ్, ఉప్పు ఉంటది. ఆర్నెల్లకు చౌడు" అన్నాడు.

"నిపుణుడు గీశాడయ్యా" అన్నాను.

"మంచిగనే గీసిండు. ఆయన ఊర్ల వాన పడుతది."

గేటు దగ్గర ఒక ముక్క పటంలో ఉన్నట్టే వేశాడు. మిగతా వాలంతా మాత్రం, నిపుణుడు లండను వెళ్ళిన రెండు నెలల్లో, మూడు మెట్లుగా చదును చేయించాడు. ఒక్కో మెట్టునూ ఒడ్లు కట్టి మడులుగా కోసి, వాటిలో ఆ గడ్డి వేశాడు. అచ్చం వరిమడులే. చీలమండ మునిగేట్టు నీళ్ళు పెట్టి, నిలవనిచ్చి, అడుగున రాళ్ళు పరిచిన మురుగు కాలువలోకి దింపేవాడు. ఉప్పు నీళ్ళతో పాటు కిందికి దిగిపోవాలని. పార భుజాన వేసుకుని, ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, మడమతో ఒడ్డు తొక్కి గండి కొట్టేవాడు. పక్క మడిలోకి నీళ్ళు పారగానే అదే మడమతో పూడ్చేవాడు. కతర్ ఎడారిలో, షేకు ఇంటి ముందు, మెట్‌పల్లి పొలం. గ్యాంగులో ఉన్న జగిత్యాల వాళ్ళంతా హాయిగా అదే చేశారు. ఒక్కడికీ అది తప్పు పనిలా అనిపించలేదు. నీళ్ళు పెట్టడమంటే వాళ్ళకు అదొక్కటే తెలుసు.

మేనేజరు చూసి మండిపడ్డాడు. ఆయనదీ నాదీ ఒకే జిల్లా, చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇంగ్లీషులో తిట్టడం అయ్యాక తెలుగులో తిట్టాడు. పదిహేను రోజుల్లో వాలు మళ్ళీ వాలులా చేయకపోతే వీసా క్యాన్సిలని నోటీసు రాయించాడు. టైపు చేసింది నేనే. క్యాంపుకు తీసుకెళ్ళి చదివి చెప్పిందీ నేనే. చదివి, నా వంతు చీవాట్లూ పెట్టాను. నలుగురు పిల్లలున్నవాడివి, చెప్పినట్టు చేసి బతకలేవా అన్నాను.

మేస్త్రి కాయితం తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "కింద సంతకం ఎవరిది?"

"మేనేజరుది."

"ఎవుసం చేసిండా ఎప్పుడన్న?"

"లేదు."

"మరి గిదాన్ని ఏంజేస్త పంతులూ?" అని మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఒడ్డు ఒక్కటీ తీయలేదు. ఆ పదిహేను రోజులూ నాకు నిద్ర లేదు, అతను మాత్రం పడుకోగానే గురక పెట్టాడు. మొండితనం గురించి నేను చాలా చదివాను. చదవడానికి బాగుంటుంది, పక్కన ఉండి భరించడమే కష్టం.

పదిహేనో రోజున నిపుణుడు తిరిగొచ్చాడు. పెద్దాయన కూడా వచ్చాడు. నేను కాయితాల ఫైలు పట్టుకుని వెళ్ళాను. మా కారు నడిపేది హైదరాబాదు పాతబస్తీ మనిషి. అరబ్బీ, ఉర్దూ, తెలుగు మూడూ వచ్చు గనుక దుబాసీ కూడా అతనే. గేటు దగ్గర పటం ప్రకారం వేసిన ముక్క అప్పటికే తెల్లబారింది. అప్పడం మీద ఉప్పులా పొరలు కట్టింది. గడ్డి లాగితే వేళ్ళతో సహా వచ్చేసింది. నిపుణుడు వంగి చూసి, వేళ్ళకు అంటిన ఉప్పు దులుపుకున్నాడు. ఇంటి ముందు మూడు మెట్లూ మాత్రం కళ్ళు చల్లబడేంత పచ్చగా ఉన్నాయి. మేనేజరు ముందుకు దూకి, ఇది కింది మనిషి పొరపాటు, వెంటనే సరిచేయిస్తామని మొదలుపెట్టాడు.

పెద్దాయన అతని వంక చూడలేదు. చేతికర్రతో ఒడ్డును తట్టాడు. మెల్లగా పక్కకు నడిచి, రేగుచెట్టు కింద మట్టిని కర్రతో గీకాడు. అడుగున పాత గచ్చు కాలువ అంచు బయటపడింది. దాని పక్కనే అరిగిపోయిన ఒడ్డు. డ్రైవరు తెలుగులో చెప్పాడు. "మా తాత గిట్లనే నీళ్ళు నిలిపేటోడు అంటున్నడు. ఖర్జూర చెట్లకు గిట్లనే మడులు ఉండేవంట. గిది ఎవరు చేసిన్రు అని అడుగుతున్నడు."

మేస్త్రి మూడో మెట్టు చివర, నీళ్ళలో నిలబడి ఉన్నాడు. డ్రైవరు చూపించాడు. పెద్దాయన చెయ్యెత్తి అతన్ని పిలిచి ఏదో అన్నాడు.

"లోపలికి రమ్మంటున్నడు. ముంగటి దర్వాజలకెళ్ళి. తనతోని కూసోని గహ్వా, గదే కాఫీ, తాగాల్నంటున్నడు" అన్నాడు డ్రైవరు.

ఇక్కడే మేనేజరు తన బుద్ధి చూపించాడు. డ్రైవరు చెవి దగ్గరికి వెళ్ళి, "కాళ్ళనిండా బురద. కంబళ్ళు పాడవుతాయి. సిగ్గుపడుతున్నాడని చెప్పు. అతని బదులు మేం వస్తామని చెప్పు" అన్నాడు. డ్రైవరు నా వంక చూశాడు. నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. కాళ్ళు కడుక్కుంటే పోతుంది, నీళ్ళు అక్కడే ఉన్నాయి అని. ఆ మాట నా నోట్లోనే ఉండిపోయింది. డ్రైవరు చెప్పమన్నట్టే చెప్పాడు. "నువ్వు రా, ఇంకో మనిషి ఉండాలిగా" అని మేనేజరు నన్ను లాక్కెళ్ళాడు. నేను వెళ్ళాను. ఆ తలుపు లోపలేముందో చూడాలని నాకు ఏడాదిగా కోరిక.

పొడుగాటి గది. గోడల నిండా గచ్చు పూలు. కింద ఎర్ర కంబళ్ళు. పొడవాటి ముక్కున్న ఇత్తడి కూజాలోంచి, చెవిలేని చిన్న పింగాణీ గిన్నెలో కాఫీ పోశారు. పాలు లేవు, చక్కెర లేదు, ఏలకుల వాసన. తాగి గిన్నె చాపాను. మళ్ళీ పోశారు. వద్దంటే అమర్యాదేమోనని మళ్ళీ తాగాను. మళ్ళీ పోశారు. చాలనుకుంటే గిన్నెను రెండుసార్లు అటూ ఇటూ ఆడించాలట. పుస్తకాల పురుగునైన నాకు అది తెలియదు. అట్లా మేస్త్రి వంతు కాఫీ ఐదు గిన్నెలు తాగాను. కిటికీలోంచి చూస్తే అతను మడమతో గండి పూడుస్తూ కనిపించాడు.

పెద్దాయన నా చేతుల వంక చాలాసేపు చూశాడు. ఏదో అని, తల పక్కకు తిప్పుకున్నాడు. మేనేజరు నవ్వుతూ తలూపాడు. ఏమన్నాడో తిరుగు దారిలో డ్రైవరు చెప్పాడు. "మట్టి ముట్టిన చేతులు గావు గివి అన్నడు సార్." నా వేళ్ళకు ఉన్నది టైపు రిబ్బన్ సిరా.

మడులు అట్లాగే ఉంచమని పెద్దాయన హుకుం. నోటీసు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. క్యాంపులో మేస్త్రికి జరిగినదంతా చెప్పాను. నిన్ను పిలిచాడయ్యా, నీ బదులు నేను వెళ్ళి తాగానయ్యా అన్నాను. అతను పట్టించుకుంటే బాగుండేది, రెండు తిట్లు తిడితే ఇంకా బాగుండేది. "ఎట్లున్నది?" అన్నాడు. చేదుగా ఉందన్నాను. "మరి మంచిదే గదా నేను పోకపోవుడు" అని పార కడుక్కున్నాడు.

అదిగో, అక్కణ్ణుంచి ఏడేళ్ళు నన్ను వేధించింది ఆ మాట.

ఏడేళ్ళలో పెద్దాయన పోయాడు. కొడుకులు ఆ ఇంటిని జనం చూడ్డానికి తెరిచారు. వచ్చినవాళ్ళకు తండ్రి పేరు మీద ఒక గిన్నె కాఫీ పోసే ఏర్పాటు కూడా చేశారు. గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టారు. తోట రూపకల్పన అని నిపుణుడి పేరు, నిర్మాణం అని కంపెనీ పేరు, కింద మేనేజరు పేరు. "స్థానిక సంప్రదాయం నుంచి స్ఫూర్తి పొందిన మూడు మెట్ల పచ్చిక" అని రాశారు. నేను కంపెనీకి మూడు ఉత్తరాలు టైపు చేశాను, మేస్త్రి పేరు కూడా పెట్టాలని. మూడూ మేనేజరు టేబులు దాటలేదు. ఆ సంగతి మేస్త్రితో చెబితే, "పేరు పెడితే మడి నిండుతదా?" అన్నాడు. ఈ మనిషి కోసం న్యాయం అడగడం ఎంత విసుగో, అడిగినవాడికే తెలుస్తుంది.

ఆ ఏడాదే అతను పని మానుకుని ఇంటికి పోవాలనుకున్నాడు. పోయేలోగా అతన్ని ముందు తలుపు గుండా లోపలికి తీసుకెళ్ళి, ఆ గదిలో కూర్చోబెట్టి, చేతికి కాఫీ ఇప్పించాలని నేను పట్టుబట్టాను. నాకు ఆ రోజుల్లో వేరే కోరిక లేదు. అతను శుక్రవారం తరువాత శుక్రవారం వాయిదా వేశాడు. ఒక వారం బట్టలుతుక్కోవాలన్నాడు. ఒక వారం అల్ షహానియాలో ఒంటెలు కాసే వాళ్ళ ఊరి పిల్లగాడొస్తడన్నాడు. ఒక వారం ఏ సాకూ దొరక్క, "గడిల నాకేం పని పంతులూ" అన్నాడు. చివరికి నేను మాట మార్చాను. మూడో మెట్టు గడ్డి ఎట్లా ఉందో చూసొద్దాం అన్నాను. వెంటనే లేచి చొక్కా తొడుక్కున్నాడు. కొత్త తోలు చెప్పులు కూడా వేసుకున్నాడు. ఇంటికి పోయేటప్పుడు వేసుకోవాలని కొన్నవి.

డ్రైవరు తీసుకెళ్తానన్నాడు. ఆ రోజు అబద్ధం చెప్పింది తన నోరే గదా, ఏడేళ్ళుగా అతనికీ అది గొంతులో అడ్డం పడే ఉంది. అప్పటికి భార్యాపిల్లల్ని దోహాకు తెచ్చుకున్నాడు. అందరం ఒకే కారులో ఇరుక్కుని వెళ్ళాం.

గేటు దగ్గర కాపలా అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "శుక్రవారం ఫ్యామిలీ. బ్యాచిలర్ మాఫీ." మాఫీ అంటే అరబ్బీలో లేదని.

"నాకు నలుగురు పిల్లలు. నేను బ్యాచిలర్ నెట్లయిత?" అన్నాడు మేస్త్రి నాతో.

"ఫ్యామిలీ ఇక్కడ ఉండాలి" అన్నాను.

"ఉంటే నేనీడ ఎందుకుంట?"

నాకు ఏడుపొచ్చింది. మేం కట్టిన తోట, మాకు ప్రవేశం లేదు. కాపలా అతన్ని తిట్టడానికి నాలుగు భాషల్లో మాటలు కూడగట్టుకుంటున్నాను. అంతలో డ్రైవరు కారు దిగి, భార్యను ముందు నిలబెట్టి, మా ఇద్దరి భుజాల మీద చేతులు వేశాడు. "వీళ్ళు మా మామలు. మా అమ్మ తమ్ముళ్ళు" అన్నాడు ఉర్దూలో.

కాపలా అతను నా కళ్ళద్దాలూ మేస్త్రి తలగుడ్డా మార్చి మార్చి చూశాడు. "ఇద్దరూనా?"

"మా తాతకు పిల్లలు జర జాస్తి" అన్నాడు డ్రైవరు. బురఖాలోంచి అతని భార్య నవ్వు ఆపుకోలేక దగ్గింది. మేస్త్రి గంభీరంగా ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, "పానం మంచిగ లేదా బిడ్డా?" అని అడిగాడు. కాపలా అతను గేటు తీశాడు.

లోపలికి అడుగు పెట్టి, జన్మలో మొదటిసారి మేస్త్రి ఆ ఇంటి ముందు మెట్ల వైపు నడిచాడు. నేను పక్కనే ఉన్నాను, పారిపోతాడేమోనని. మెట్లెక్కాడు. చెక్కిన తలుపు దగ్గర ఆగి, ఒక పువ్వు మీద వేలు పెట్టి, "మంచి కర్ర" అన్నాడు. ఒంగి, కొత్త చెప్పులు విడిచి, పక్కపక్కన సరిగ్గా పెట్టాడు. కుడికాలు గడప మీదికి ఎత్తాడు.

అంతలో తల తోట వైపు తిప్పాడు. నాకు ఏమీ వినపడలేదు. అతనికి వినపడింది.

"రెండో మెట్టుల ఒడ్డు తెగింది" అన్నాడు.

"తెగనీ."

"మొత్తం నీళ్ళు గులాబీలల్లకు పోతున్నయ్ పంతులూ. నువ్వు నడువ్, నేను గిప్పుడే వస్త."

పట్టుకోబోయాను. చొక్కా కొస కూడా దొరకలేదు. పంచె పైకి దోపుకుని, ఒట్టికాళ్ళతో మెట్లు దిగి పచ్చికకు అడ్డంపడి పోయాడు. ఏడేళ్ళ నా పట్టుదల ఆ పచ్చికలో పరుగెత్తింది. డ్రైవరు నా ముఖం చూసి, "మామా, లోపలికి పోదాం రా, లేకపోతే కాపలావానికి అనుమానమొస్తది" అన్నాడు.

ఇల్లంతా తిరిగాను. ఇల్లు చూపించేవాడు నిపుణుడి గొప్పతనం గురించి, మూడు మెట్ల ఆలోచన ఆయనకు ఎట్లా తట్టిందో ఇంగ్లీషులో వర్ణించాడు. మరోసారైతే వాణ్ణి నిలబెట్టి నీళ్ళు ఎటు పోతాయో చెప్పమని అడిగేవాణ్ణి. ఆ రోజు ఓపిక లేదు. ఆ పొడుగాటి గదిలో కూర్చున్నాం. అవే కంబళ్ళు. అదే ముక్కు పొడవు కూజా. గిన్నె నా చేతికి వచ్చింది. నేను తాగలేదు. రుమాలు కప్పి, చూపించేవాడు అటు తిరగ్గానే గిన్నెతో సహా పక్క తలుపులోంచి బయటపడ్డాను. జీవితంలో నేను చేసిన దొంగతనం అదొక్కటే. డ్రైవరు మళ్ళీ అక్కడ పెట్టేశాడనుకోండి.

మేస్త్రి రెండో మెట్టు నీళ్ళలో ఉన్నాడు. పార లేదు. చేతులతోనే మట్టి తీసి ఒడ్డు పోస్తున్నాడు. మోచేతుల దాకా బురద. నన్ను చూసి, "చూస్తివా, ఎవడో కొత్తోడు ఒడ్డు మీద గడ్డి చెక్కిండు. గడ్డి పోతే ఒడ్డు నిలుస్తదా?" అని నన్నే తిట్టాడు.

"ఇది తాగు" అన్నాను.

చేతులు చాపి చూపించాడు. నేను ప్యాంటు మడవకుండానే మడిలోకి దిగాను. నీళ్ళు చల్లగా బూట్లలోకి వచ్చాయి. గిన్నె అతని పెదాలకు ఆనించి వంచాను. మనవడికి పాలు పట్టినట్టు. ఒక గుక్క మింగి ముఖం చిట్లించాడు. అయినా గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగాడు, నా కోసమే అనుకుంటాను.

"చేదుగున్నది పంతులూ" అన్నాడు. "గిదానికేనా గిన్నేండ్లు మొత్తుకున్నవ్?"

అతను మడమతో గండి కొట్టాడు. నీళ్ళు కింది మెట్టులోకి దిగాయి. మళ్ళీ పూడ్చాడు.

ఆ బురద కాళ్ళతో ముందు గేటు గుండా పోతే కాపలా అతను ప్రశ్నలు వేస్తాడని, అతనికి అలవాటైన పంపుషెడ్డు తలుపులోంచే బయటికొచ్చాం. డ్రైవరు కారు అటు తిప్పాడు. పది మైళ్ళు వచ్చాక మేస్త్రి కాళ్ళు ఒకదాని మీద ఒకటి రుద్దుకోవడం చూశాను.

"నీ చెప్పులేవీ?"

"గడి కాడ ఉన్నయ్."

కారు తిప్పమన్నాను. ఈపాటికి గేటు వేసేస్తారన్నాడు డ్రైవరు. కొత్త చెప్పులయ్యా, ఇంటికి ఏం వేసుకుని పోతావని మేస్త్రి మీద అరిచాను. ఆ రోజుకు మిగిలిన కోపమంతా ఆ చెప్పుల మీద పెట్టి అరిచాను. అతను కిటికీలోంచి రోడ్డు పక్క రాళ్ళ వైపు చూస్తూ విన్నాడు. ఎప్పటిలాగే చివరిదాకా విన్నాడు.

"ఉండనీ పంతులూ" అన్నాడు. "ఆడ్నే ఉండనీ."

వాళ్ళ నాయన చేతుల్లో పట్టుకుని నడిచిన చెప్పులు అప్పుడు గుర్తొచ్చాయి నాకు. డ్రైవరును పోనిమ్మన్నాను.

ఆ తరువాత అవి ఏమయ్యాయో తెలియదు. మర్నాడు ఊడ్చేవాడు తీసేసి ఉంటాడు. కాని నేను మేస్త్రిని తలుచుకున్నప్పుడల్లా నాకు ముందుగా కనపడేవి అవే. సాయంకాలపు ఎండలో, పువ్వులు చెక్కిన ఆ ముందు తలుపు దగ్గర, గడప వైపు ముఖం పెట్టి పక్కపక్కన ఉన్న ఒక జత కొత్త చెప్పులు. వచ్చిపోయేవాళ్ళు వాటిని తొక్కకుండా పక్కనుంచి నడుస్తున్నారు, ఆ మనిషి లోపల కూర్చుని ఉన్నాడనుకుని.